బూటుముక్కు కొంగ హాజరు

రాష్ట్ర పక్షిమృగ పరిశీలనా మండలికి, చూడడం అంటే ఏమిటన్న సందేహం ముప్పై ఏళ్ళపాటు రాలేదు. ఉద్యోగులు క్యాంపుకు వెళ్ళేవాళ్ళు, చూసేవాళ్ళు, వచ్చి రాసేవాళ్ళు. ఒక వేసవిలో మాత్రం ఒక ఫీల్డు అసిస్టెంటు ఫలానా చెరువులో నాలుగు వందల పన్నెండు గూడబాతుల్ని చూశానని నివేదిక ఇచ్చాడు. అనుమానం వచ్చి పై అధికారి వెళ్తే, ఎండిన ఆ చెరువులో ఊరి కుర్రాళ్ళు క్రికెట్ ఆడుకుంటున్నారు. మన అసిస్టెంటు ఆ వారమంతా అత్తవారింట్లో మామిడిపళ్ళు తింటూ కూర్చున్నాడని తేలింది.

ఆ ఒక్కణ్ణి మందలించి ఊరుకుంటే అది మండలి ఎందుకవుతుంది? నెల తిరక్కుండా అందరి నెత్తినా ఒక సర్క్యులర్ పడింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఇకమీదట ఏ ప్రాణినైనను చూచినట్లు నోటిమాటగా గాని, వ్రాతపూర్వకముగా గాని చెప్పుట చెల్లదు. చూచిన అధికారి ముఖము, చూడబడిన ప్రాణి ముఖము ఒకే ఫొటోలో, రెండును కెమెరా వైపు తిరిగి, కన్నులు తెరచి యుండవలెను. బొమ్మలను చూపి మోసగించుటకు వీలులేకుండ, ఉభయులును ఒక్కమారు రెప్ప వేయవలెను. అట్లు వేయనిచో చూడనట్లే భావింపబడును."

దీనికోసం 'కళ్ళారా' అనే యాప్ ఒకటి తయారుచేయించారు. తయారుచేయించారు అనడం కూడా కాస్త ఎక్కువే. వేరే శాఖలో పింఛనుదార్ల హాజరు కోసం వాడుతున్న యాప్‌ని తెచ్చి, పింఛనుదారు అని ఉన్నచోటల్లా చూడబడిన ప్రాణి అని మార్చారు. ఆ హడావిడిలో ప్రాణి పేరు కింద 'తండ్రి లేక భర్త పేరు' అన్న గడి అలాగే ఉండిపోయింది. దాన్ని నింపితే గాని యాప్ ముందుకు కదలదు.

ఇందులో ఒక చిన్న సంగతి ఎవరూ గమనించలేదు, లేదా గమనించి నోరు మూసుకున్నారు. అధికారి ముఖమూ ప్రాణి ముఖమూ రెండూ ఫోను వైపే ఉండాలంటే, అధికారి ఆ ప్రాణికి వీపు చూపించి నిలబడాలి. అంటే ఆ రోజునుంచి మండలిలో చూడడం అంటే అటువైపు చూడకపోవడం.

దుంపల తవిటినాయుడు గమనించాడు. ఇతను సిక్కోలు మనిషి. పక్షుల లెక్క తీసే సీనియర్ అసిస్టెంటు, ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు. రిటైరవడానికి ఆరు నెలలుంది. కూత వింటే చాలు, ఏ పిట్టో, దానికి ఆకలేస్తోందో కోపమొచ్చిందో కూడా చెబుతాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు బీరువాలో దొరికిన ఒక పాత పుస్తకంలో అతను బూటుముక్కు కొంగ బొమ్మ చూశాడు. నాలుగడుగుల ఎత్తు, బూడిదరంగు ఒళ్ళు, చెక్కతో చేసిన బూటును తెచ్చి ముఖానికి తగిలించినట్టుండే ముక్కు. ఆఫ్రికా చిత్తడినేలల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. అంత విడ్డూరమైన పక్షి నిజంగానే ఉందా, లేక పుస్తకం రాసినవాడు తన చెవిలో పువ్వు పెట్టాడా అన్నది నాయుణ్ణి ముప్పై ఒక్కేళ్ళుగా తొలుస్తున్న ప్రశ్న. చనిపోయేలోపు ఒక్కసారి దాన్ని కళ్ళతో చూడాలి, అంతే. అతనికి ఇంకే కోరికలూ లేవు. ఉన్నా భార్య అప్పలనరసమ్మకు తప్ప ఎవరికీ తెలియవు.

అలాంటివాడికి ఆఫ్రికా అధ్యయన యాత్ర ఆర్డరు చేతికొచ్చింది. డైరెక్టరు ఓరుగంటి శేషఫణి గారు నాయకులు. యాప్ పర్యవేక్షణాధికారిణి కడియాల విద్యుల్లత గారు సభ్యురాలు. 'పక్షుల పేర్లు చెప్పుట నిమిత్తము' తవిటినాయుడు. శేషఫణి గారికి ఎగిరేదంతా కాకి, ఎగరనిదంతా కోడి కాబట్టి మూడోవాడు తప్పలేదు.

ఆర్డరు చదివి అప్పలనరసమ్మ అంది, "అంత దూరం ఎల్తన్నావు, తిన్నగా సూసి రా. ఆ కొంగ గురించి ఇనీ ఇనీ నా సెవులు సిల్లులు పడిపోనాయి."

"తిన్నగా సూడ్డానికే గదే ఎల్తన్నాను," అన్నాడు నాయుడు. సర్క్యులర్ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆఫ్రికాలో మొదట వెళ్ళిన జాతీయ వనంలో వీళ్ళకు ఒకెల్లో అనే గైడు దొరికాడు. ఇరవై ఏళ్ళుగా దేశదేశాల జనాన్ని జీపులో తిప్పిన మనిషి. ఏడ్చేవాళ్ళను చూశాడు, దణ్ణం పెట్టేవాళ్ళను చూశాడు, సింహం ఎదురుగా ఉండగా అన్నం తినేవాళ్ళనూ చూశాడు. మొదటి రోజు పొద్దున్నే తుమ్మచెట్ల పక్కన జీపు ఆపి, "అదిగో జిరాఫీ!" అన్నాడు ఇంగ్లీషులో. వెంటనే ముగ్గురూ కవాతులో లాగ ఒక్కసారి గిరుక్కున వెనక్కి తిరిగి, సెల్ఫీ కర్ర చాచి, పళ్ళు బయటపెట్టారు.

వీళ్ళ దేశంలో జిరాఫీని నేరుగా చూడడం తప్పేమో అనుకున్నాడు ఒకెల్లో.

"మెడ మాత్రమే పడుతోంది సార్," అన్నారు విద్యుల్లత గారు, ఫోను మీంచి కళ్ళు తీయకుండా. "మెడ హాజరు చెల్లదు. ముఖం కావాలి."

శేషఫణి గారు గైడు వైపు తిరిగి, "సదరు జిరాఫీని కొంచెం వంగవలసిందిగా కోరగలరా?" అన్నారు.

జిరాఫీ తనంతట తనే ఒక కొమ్మ కోసం వంగింది, రెప్ప కూడా వేసింది. యాప్ టింగుమంది. తండ్రి పేరు అడిగింది. నాయుడు 'తెలియదు' అని కొడితే ఒప్పుకోలేదు, 'అడవిలో ఉన్నాడు' అంటే ఒప్పుకోలేదు. చివరికి 'పెద్ద జిరాఫీ' అని కొట్టాడు. యాప్ సంతోషించింది. ఆ తరవాత నీటిగుర్రం తండ్రి పెద్ద నీటిగుర్రం, చారల గుర్రం తండ్రి పెద్ద చారల గుర్రం. మధ్యాహ్నానికి ఆ అడవిలో సగం కుటుంబాల వంశవృక్షం నాయుడి చేతిమీదుగా తయారైపోయింది.

సింహం దగ్గర పేచీ వచ్చింది. చెట్టు నీడలో మగసింహం వెల్లకిలా పడుకుని గుర్రుపెడుతోంది.

"నిద్రిస్తున్న ప్రాణి హాజరు ఆరో నిబంధన ప్రకారం తిరస్కరింపబడును," అన్నారు విద్యుల్లత గారు.

"పదకొండు గంటలకు నిద్రేమిటి?" అని శేషఫణి గారు మండిపడ్డారు. "పని వేళలు కదా! లేపమనండి."

"సింహం రోజుకు ఇరవై గంటలు పడుకుంటుంది సార్. లేపడం మా పద్ధతి కాదు," అన్నాడు ఒకెల్లో.

శేషఫణి గారు జీపులోనే కూర్చుని వనం అధికారికి లేఖ రాశారు. 'మా ప్రతినిధి బృందము విచ్చేసిన సమయమున తమ అధీనములోని సింహము నిద్రావస్థలో నుండుట గమనించి మిక్కిలి విచారించుచున్నాము. కావున తగిన ఉత్తర్వులు జారీచేసి దానిని మెలకువ స్థితిలో హాజరుపరచవలసినదిగా కోరుచున్నాము.' నకలు ఒకటి ఫైలుకు, ఒకటి సింహం ఉన్న రేంజికి. ఈ లేఖను బిగ్గరగా చదివి వినిపించేటప్పటికి ఆ గొంతుకు సింహం దానంతట అదే లేచింది.

లేచి ఒళ్ళు విరుచుకుని జీపు దాకా వచ్చింది. ముగ్గురూ అప్పటికే వీపులు పెట్టి సిద్ధంగా ఉన్నారు. దాని ఊపిరి శేషఫణి గారి మెడకు వెచ్చగా తగిలింది. అది విద్యుల్లత గారనుకుని, "కొంచెం జరగండి," అన్నారాయన.

"కదలకండి, వెనక్కి తిరగకండి," అని ఒకెల్లో గుసగుసలాడాడు. అతని మాటా సర్క్యులరూ కలిసిన సందర్భం ఆ యాత్రలో అదొక్కటే. సింహం ఆవలించి, రెప్ప వేసి, వెళ్ళిపోయింది. ఫొటోలో శేషఫణి గారి చిరునవ్వు వెనక ఒక్కొక్కటీ బొటనవేలంత కోరలు. ఫోనులో ఆ కోరలు చూసుకున్నాక ఆయన మిగతా పూటంతా మంచినీళ్ళు తాగుతూనే ఉన్నారు.

అలా మూడు రోజులు గడిచాయి. ముప్పై ఎనిమిది ప్రాణులు చూడబడ్డాయి. నాయుడు మాత్రం ఒక్కదాన్నీ తిన్నగా చూడలేదు. వెనక కిరీటపు కొంగలు అరుస్తుంటే గొంతు గుర్తుపడతాడు, తల తిప్పబోతాడు, "ఫ్రేములో ఉండండి నాయుడు గారూ," అంటారు విద్యుల్లత గారు. అరడజను రకాల లకుముకి పిట్టల్ని ఫోనులో బియ్యపుగింజంత చూశాడు. దీనికన్నా ఆఫీసు బీరువాలో పుస్తకమే నయం, అందులో బొమ్మ అరచేయంత ఉంటుంది అనుకున్నాడు. అయినా ఓర్చుకున్నాడు, ఎందుకంటే నాలుగో రోజు చిత్తడినేలకు ప్రయాణం.

నాలుగో రోజు తెల్లవారగానే నాటుపడవ ఎక్కారు. రెండు పక్కలా మనిషెత్తు జమ్ము, మధ్యలో పడవ పట్టేంత నీటిదారి. ఒకెల్లో గెడ వేస్తూ ఓ మలుపు దగ్గర ఆపేసి, వేలు పెదవి మీద పెట్టుకుని, "మీ వెనక," అన్నాడు. మూడు రోజుల్లో అతనూ ఈ పద్ధతికి అలవాటుపడిపోయాడు, ఎదురుగా ఉన్నదాన్ని కూడా వెనక అనే చెబుతున్నాడు.

ముగ్గురూ తిరిగారు. నాయుడు కర్ర చాచాడు. ఫోను తెరలో ముగ్గురి ముఖాల మధ్య, శేషఫణి గారి చెవి పక్కన, అది ఉంది. బొటనవేలి గోరంత. నిలబడి ఉంది.

నాయుడు కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు.

"బాబూ, అదేనండి. బూటుముక్కు."

"సరే సరే, రెప్ప వేయించు," అన్నారు శేషఫణి గారు.

బూటుముక్కు కొంగ గురించి తెలిసినవాళ్ళందరికీ తెలిసిన విషయం ఒకటుంది. చేప కోసం నిలబడిందంటే అది గంటలకొద్దీ కదలదు, మెదలదు. యాప్ తయారుచేసినవాడికి ఈ విషయం తెలియదు, అతను పింఛనుదార్లను మాత్రమే ఎరుగును. పది నిమిషాలు కాగానే ఫోను ఎర్రబడి ఇలా చెప్పింది: "మీ వెనుక ఉన్నది ప్రాణి కాదు, బొమ్మ. మోసపూరిత ప్రయత్నం నమోదు చేయబడినది. మిగిలిన అవకాశములు రెండు."

విద్యుల్లత గారి ముఖంలో నెత్తురు లేదు. "మూడుసార్లు మోసం నమోదైతే బృందం మొత్తం ఖాతా రద్దవుతుంది సార్. జిరాఫీ నుంచి అన్నీ పోతాయి. మనం అసలు ఆఫ్రికాకే రానట్టు లెక్క."

"రానట్టంటే? మరి మనం ఈ నాలుగు రోజులూ ఎక్కడున్నట్టు?"

"అనధికార గైరుహాజరు సార్."

శేషఫణి గారు రెండోసారి ఇంకా వెడల్పుగా నవ్వారు. పది నిమిషాలు గడిచాయి. కొంగ కదల్లేదు. ఆయన దవడలు నొప్పెట్టాయి. ఫోను మళ్ళీ ఎర్రబడింది. మిగిలిన అవకాశము ఒకటి.

అప్పుడు ఒకెల్లో గెడ మీద ఆనుకుని, మూడు రోజులుగా గొంతులో ఉన్న ప్రశ్న నాయుణ్ణి అడిగాడు. "ఏమీ అనుకోకు. దీన్ని చూడ్డానికి ఇంత దూరం వచ్చారు కదా. ఎందుకు చూడరు?"

పక్కన విద్యుల్లత గారు మూడో అవకాశం నొక్కేశారు. నాయుడు సెల్ఫీ కర్రను శేషఫణి గారి చేతిలో పెట్టి వెనక్కి తిరిగాడు.

ఇరవై అడుగుల దూరంలో బూటుముక్కు కొంగ అతన్నే చూస్తోంది. పుస్తకంలో బొమ్మ వేసినవాడు దానికి చాలా అన్యాయం చేశాడు. ఆ బూడిదరంగులో ఎంత నీలం ఉందో వాడు చూడలేదు. నెత్తిమీద వెనక్కి నిక్కిన చిన్న జుట్టు వాడు వేయనే లేదు. పసుప్పచ్చని కళ్ళు, ఎవరి మాటా లెక్కచేయని చూపు. ముక్కు మాత్రం నిజంగా బూటే, అంచున ఒక కొక్కెంతో సహా. "ఓలమ్మా," అన్నాడు నాయుడు, నెమ్మదిగా. కళ్ళ నీళ్ళొచ్చాయి. కళ్ళు తుడుచుకుంటే ఆ క్షణం చూడ్డం పోతుందని తుడుచుకోలేదు.

"నాయుడూ! ముఖం ఇటు తిప్పు! ఫొటోలో నీ బట్టతల పడుతోంది!" అని అరిచారు శేషఫణి గారు.

"ఉండండి బాబూ, సూస్తన్నాను."

"సూడ్డమేమిటయ్యా, మనం డ్యూటీలో ఉన్నాం!"

కొంగ మెల్లగా తల వంచింది. ఒకసారి రెప్ప వేసింది. ఆపైన ఒళ్ళంతా ఒక్కసారి నీళ్ళమీదికి విసిరేసుకుంది. జమ్ము దద్దరిల్లింది. లేచేటప్పటికి ఆ ముక్కులో మన మట్టగిడసకు తాతలాంటి చేప గిలగిల కొట్టుకుంటోంది. నాయుడూ ఒకెల్లో నోళ్ళు తెరిచి అలా ఉండిపోయారు.

అదే క్షణంలో వాళ్ళ వెనక ఫోను టింగుమంది. "పడింది! రెప్ప పడింది!" అని శేషఫణి గారూ విద్యుల్లత గారూ కేరింతలు కొట్టారు. ఆ నీటి చప్పుడేమిటని కూడా వాళ్ళడగలేదు. వాళ్ళు తలలెత్తేసరికి కొంగ చేపను మింగి, రెక్కలు విప్పి, జమ్ము దాటి వెళ్ళిపోయింది.

యాప్ తీర్పు ఇలా ఉంది: చూడబడిన ప్రాణి, హాజరు. ఓరుగంటి శేషఫణి, చూసెను. కడియాల విద్యుల్లత, చూసెను. దుంపల తవిటినాయుడు, ముఖము కనబడలేదు, చూడలేదు.

ఊరికి తిరిగొచ్చాక శేషఫణి గారికి శాలువా కప్పారు. నాయుడు ఆఫీసులో టీ తాగుతూ నలుగురికీ బూటుముక్కు కొంగ గురించి చెప్పాడు. ఆ కళ్ళ గురించి, చేప గురించి చెప్పాడు. నాలుగో రోజుకు మెమో వచ్చింది. 'చూడని ప్రాణిని చూచినట్లు నోటిమాటగా ప్రచారము చేయుచున్నందున తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసికొనరాదో తెలుపవలెను.'

విచారణ సంఘానికి అధ్యక్షుడు ఒక రిటైర్డు అధికారి. సర్క్యులర్ పంక్తి పంక్తికీ స్కేలు పెట్టి చదివే మనిషి.

"మీరు చూశానంటారు. చూస్తే వెనక్కి ఎందుకు తిరిగారు?"

"సూడ్డానికే తిరిగినాను బాబూ."

"కెమెరా వైపు చూడకుండా ఎలా చూస్తారు?"

"కళ్ళతో బాబూ."

అధ్యక్షుడు ఆ మాట రాసుకుని, కింద గీత గీశారు. "కళ్ళతో చూసినందుకు ఆధారం?"

నాయుడు తన రెండు కళ్ళూ చూపించాడు. సంఘం వాటిని దస్త్రంలో జతపరచడం వీలుకాదని తోసిపుచ్చింది. శేషఫణి గారిని సాక్షిగా పిలిచారు. పక్షి ఎలా ఉందని అడిగితే, "నా వెనుక ఉండెను," అన్నారాయన. ఆయన సాక్ష్యం యాప్‌తో అక్షరాలా సరిపోయింది.

తీర్పు మూడు పేజీలు. సారాంశం ఇది: తవిటినాయుడు బూటుముక్కు కొంగను చూడలేదు. కాబట్టి అతని అధ్యయన యాత్ర పూర్తికాలేదు. పద్నాలుగో నిబంధన ప్రకారం, యాత్ర పూర్తికాని ఉద్యోగిని అది పూర్తయ్యేదాకా తిరిగి పంపవలెను, అంతవరకు అతను రిటైరగుట చెల్లదు.

ఇది విని శేషఫణి గారు ఉలిక్కిపడి లేచారు. ఆ నీటి చప్పుడు ఆయన చెవిలో ఇంకా అలాగే ఉంది. "పర్యవేక్షణ నిమిత్తం నేను కూడా వెళ్తాను," అన్నారు.

"కుదరదు," అన్నారు అధ్యక్షుడు, పేజీ తిప్పుతూ. "పదిహేనో నిబంధన. ఒకసారి చూడబడినట్లు నమోదైన ప్రాణిని అదే అధికారి రెండవసారి చూడరాదు. డూప్లికేటు. మీరు దాన్ని చూసేశారు. ఇక జన్మలో చూడ్డానికి వీల్లేదు."

నాయుడు ఒక్కడే వెళ్ళాడు. అప్పలనరసమ్మ మరమరాల ఉండలు కట్టి ఇచ్చింది. అక్కడ ఒకెల్లో అతన్ని కావలించుకుని, "ఈసారి ఎటు తిరుగుతావు?" అని అడిగాడు. నాయుడు నవ్వి ఫోను తీసి సంచి అడుక్కి తోశాడు. రోజూ పొద్దున్నే పడవ మీద ఇద్దరూ ఆ మలుపు దగ్గరికి వెళ్తారు, కొంగకు ఎదురుగా కూర్చుంటారు. అది కదలకుండా నిలబడితే వాళ్ళూ కదలకుండా కూర్చుంటారు. మధ్యలో మరమరాల ఉండలు తింటారు.

మూడో వారంలో ఒక పొద్దున సంచిలో ఫోను మోగింది. శేషఫణి గారు.

"నాయుడూ, చూశావా?"

నాయుడు ఎదురుగా చూశాడు. కొంగ పది అడుగుల్లో ఉంది. ఎండ దాని ముక్కు మీద పడుతోంది.

"నేదు బాబూ. ఇంకా సూణ్ణేదు."

"ఇంకా లేదూ? సరే, ఇంకో నెల పొడిగిస్తూ ఉత్తర్వులు పంపిస్తాను." ఫోను పెట్టేస్తారనుకుంటే పెట్టలేదు. కుర్చీ లాగిన చప్పుడు, గది తలుపు వేసిన చప్పుడు వినిపించాయి. శేషఫణి గారి గొంతు తగ్గింది. అందులో ఇప్పుడు డైరెక్టరు లేడు. "నాయుడూ, ఇది ఆఫీసు సంగతి కాదు. ఎవరితో అనకు. అది... ఎలా ఉంటుందయ్యా?"

నాయుడికి ఆయన మీద జాలేసింది. చెప్పేద్దామనుకుని నోరు తెరిచాడు కూడా. అంతలో, చూసినట్టు ఒక్క మాట దొర్లినా యాత్ర ముగిసి రిటైర్మెంటు కాగితం చేతికొస్తుందని గుర్తొచ్చింది. ఎదుట కొంగ ఒకసారి రెప్ప వేసింది.

"నానేటి సెప్తాను బాబూ," అన్నాడు. "సూసినోరు తమరు. తమరే నాకు సెప్పాల."